తాండూరు జనం భక్తిని ఫోనులో పట్టబోయి

మనిషి గోతిలో పడటం వింతేమీ కాదు. ఊరంతా చూస్తుండగా, సాక్షాత్తూ ఒక స్వామి ఎదుట, ఫొటోకు కోణం సరిచూసుకుంటూ పడటం మాత్రం అందరికీ దక్కదు. కొన్నేళ్ల కిందట నాకు దక్కింది.

తప్పు నాది కాదు, ఫ్లెక్సీలది. ఏ స్వామి వచ్చినా ఆయన ముఖం మాత్రమే వేస్తారు, ఆధార్ కార్డులో లాగ! ఆయన్ని చూసి కరిగిపోయే జనం ఏరయ్యా? పాత పత్రికలు తిరగేసి సొంతంగా ఫొటో విద్య పట్టినవాణ్ని, నాకు మండింది. తాండూరుకు స్వామి వస్తున్నారని తెలిసి, వికారాబాద్‌లో ఉండే మా బిడ్డ సునీతను ఆమె కొత్త ఫోను ఇమ్మని అడిగాను.

“నాయినా, జర పైలం. పిల్లగాడు పుట్టినప్పటి సంది ఫొటోలన్నీ దాంట్లనే ఉన్నయి.”

“నా చేతిల పడ్డది ఏదన్న పోయిందా?”

“కండ్లద్దాలు, గొడుగు, అమ్మ టిఫిన్ డబ్బా...”

“ఫోను గొడుగు కాదు బిడ్డా!” అని రైలెక్కాను.

తాండూరులో ట్రాక్టరు ట్రాలీకి బంతిపూలు కట్టి రథం చేశారు. మీద స్వామి, చుట్టూ జనం. పూలు, కండువాలు ఆయన మీదికి విసురుతున్నారు. స్వామి ఒడికి చేరింది తిరిగి అడగకూడదని అక్కడి పట్టింపు. (ఇది గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.)

నేను ఊరేగింపుకు ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ తీస్తున్నాను. మొదట జనం ముఖాలు చల్లారిన చాయ్‌లాగే ఉన్నాయి. ఇంతలో, ఏం చెప్పమంటారు! చేతులన్నీ ఒక్కసారి లేచాయి. ఒకామె గుండె పట్టుకుంది. స్వామి సైతం లేచి అభయహస్తం చూపారు.

“గదీ భక్తంటే!” అని నొక్కాను.

“ఓ పెద్దాయనా, ఆగు!” ట్రాక్టరు డ్రైవరు అరిచాడు.

“నువ్వే జర ఆపు, వెలుతురు మంచిగున్నది!”

“ఎనకకు సూడు!”

“ఎనక ఏమున్నది? భావమంతా ముంగటనే ఉన్నది!”

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నారు పెద్దలు. నాకు ముందు స్వామి, వెనుక గొయ్యి. నాపరాళ్లు పాలిష్ చేసిన తెల్ల బురదంతా వదిలే గొయ్యి. నడుం దాకా దిగబడ్డాను. ఫోను చేతిలోంచి ఎగిరి, తిన్నగా స్వామి ఒడిలో వాలింది.

నలుగురు పట్టి పైకి లాగితే ఒళ్లంతా విభూతి పూసుకున్న మునిలా తేలాను. ఒక అవ్వ నాకే దండం పెట్టింది.

“నా ఫోను!” అని ట్రాలీ పట్టుకున్నాను.

“స్వామికి చేరింది స్వామిదే,” అన్నాడు పక్కనున్న శిష్యుడు, దాన్ని అరటిపండ్ల బుట్టలో పెడుతూ.

“నేను ఇయ్యలే అయ్యా, జారింది!”

“ఇచ్చినంక అందరు గట్లనే అంటరు.”

బిడ్డకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఆ ఉన్న ముఖం కూడా బురదలోనే ఉంది. అప్పుడే బుట్టలో ఫోను మోగింది. అల్లుడి ఫోను నుంచి సునీత! స్వామే ఎత్తారు; “నాయినా, ఫోను పైలంగున్నదా?” అన్న గొంతు నాకూ వినబడింది.

“బిడ్డా, ఫోను మంచిగనే ఉన్నది. మీ నాయిననే జర కడగాలె.”

నవ్వుతూ, ఒక అరటిపండుతో సహా ఫోను నా చేతిలో పెట్టారు. “ప్రసాదం. ఇగ ముందుకు నడువు.” ఏ తీర్థం తాగినా నా ప్రాణం అంత చల్లబడలేదు.

ఇంట్లో ఫొటో చూసి సునీత పడీపడీ నవ్వింది. “నాయినా, గీళ్లల్ల స్వామిని చూస్తున్నది ఎవరే?”

ఒక్కరూ లేరు. అన్ని కళ్లూ నా మీదే. అభయహస్తం అనుకున్నది కూడా ‘ఆగు’ అన్న చెయ్యే! జన్మలో నాకోసం అంతమంది అల్లాడింది ఆ ఒక్కరోజే. ఆ ఫొటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

కాబట్టి అనంతగిరి కొండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట దేవుడే ఎదురొచ్చినా వెనక్కి నడుస్తూ ఫొటో తీయను. ఆయన్నే ఒక్క నిమిషం ఆగమని, ముందు వెనక్కి తిరిగి చూసుకుంటాను.