చెక్క మీద ఊ

తొట్టిలో నానిన పేము బద్దను బయటికి లాగి, వేళ్లతో నీళ్లు దువ్వి, కుర్చీ చట్రంలోని కన్నంలోంచి పైకి తీశాడు. పక్క కన్నంలోంచి కిందికి దించాడు. నిలువు వరసలు, అడ్డం వరసలు అయిపోయాయి. ఇక ఏటవాలు వరసలే మిగిలాయి. అక్కడ తొందరపడితే అల్లిక బిగుసుకోదు, నాలుగు నాళ్లకే జోలెలా వేలాడుతుంది.

ఆ కుర్చీ కథల హాలుది. నెలకోసారి సాయంత్రం అక్కడ మామూలు మనుషులు ఆ కుర్చీలో కూర్చుని, తమకు నిజంగా జరిగింది చెబుతారు. కాగితం చూడకూడదు, కల్పించకూడదు. కుర్చీలు బాగుచేసే ఈయన ఆ సాయంత్రాలు ఒక్కటీ వదిలేవాడు కాదు. పని పెందలాడే కట్టేసి, గడ్డం గీసుకుని, భార్యకన్నా ముందే గుమ్మంలో నిలబడేవాడు.

"మన పెళ్లికి కూడా ఇంత ముస్తాబవలేదు నువ్వు," అనేది ఆవిడ.

హాల్లో అందరూ నోరు మూసుకుని వింటారు. ఈయన మాత్రం ఊ కొట్టేవాడు. చిన్నప్పుడు ఊ కొట్టకపోతే వాళ్ల నాయనమ్మ కథ ఆపేసేదట. ఆ అలవాటు పోలేదు. మొదట్లో ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి గుర్రుగా చూశారు. పోనుపోను చెప్పేవాళ్లకే ఆ ఊ కావాల్సి వచ్చింది. ఊకొట్టు మామ అని పేరు పెట్టారు. ఎవరైనా ఉప్పూ కారం దట్టించి, జరగనిది జరిగినట్టు చెబితే మాత్రం ఊ ఆగిపోయేది. ఓసారి ఒక లారీ డ్రైవరు దొంగల గుంపుని ఒంటిచేత్తో తన్నానని చెబుతూ, ఊ వినపడక, "సరే మామా, ఒక్కడే. వాడూ పారిపోయాడు," అన్నాడు. "ఊ," అన్నాడు ఈయన. హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఇల్లు చేరేదాకా మొగుడూ పెళ్లాం తలుచుకుని తలుచుకుని నవ్వారు.

తర్వాత గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడ దగ్గర ఊపిరికి చిన్న కన్నం మిగిలింది, దాని మీద పల్చటి మఫ్లరు. ఎవరికీ చెప్పొద్దని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. జాలిచూపులు ఆయనకి పడవు.

పోయిన నెల మళ్లీ హాలుకి వెళ్లాడు. జలుబు చేసిందనుకున్నారు అందరూ. ఆ రోజు కుర్చీలో కూర్చున్నది ఇస్త్రీ దుకాణం ఆవిడ. చెప్పడం అదే మొదలు. పోయిన భర్త గురించి ఎత్తుకుంది. అచ్చు ప్రెస్సులో ఉద్యోగం ఊడినా ఆయన రోజూ పనికి వెళ్తున్నట్టే బయల్దేరేవాడని, అది తెలిసీ తాను రోజూ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చేదాన్నని చెప్పి ఆగింది. ఊ కోసం చూసింది. రాలేదు. జనమంతా ఊకొట్టు మామ వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూశారు.

"నేను అబద్ధం చెప్పడం లేదు," అంది.

అప్పుడూ రాలేదు. చేతులు ఊని విసురుగా లేచింది. పాత అల్లిక ఫట్టున తెగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన చెయ్యెత్తేలోపు ఆమె వీధిలోకి వెళ్లిపోయింది.

ఆ తెగిన కుర్చీనే ఇప్పుడు అల్లుతున్నాడు. ఆయన భార్య ఇక ఉండబట్టలేక, ఒట్టు తీసి గట్టున పెట్టి, పొద్దున ఇస్త్రీ దుకాణానికి వెళ్లి సంగతి చెప్పేసింది. మధ్యాహ్నానికి ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"నిజమేనా అన్నయ్యా?"

మఫ్లరు పక్కకి తీసి చూపించాడు.

"గొంతు పోయిందని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా..." అని నాలిక కరుచుకుంది. "నా నోరు పడిపోను! ఎలా చెబుతావు? నెలంతా దుకాణానికి వచ్చినవాళ్ల మొహం చూడలేక చచ్చాను."

"మాట పోయింది గానీ మొండితనం పోలేదమ్మా ఈయనకి," అంది భార్య.

ఆయన ఒక ముక్కాలి పీట ముందుకు తోశాడు. చెప్పమన్నట్టు చేత్తో చూపించాడు.

"ఇక్కడా? మీ ఇద్దరికా?"

వేలి కణుపుతో కుర్చీ చట్రం మీద ఒకసారి కొట్టాడు.

"ఊ అంటున్నాడు. మా కాపురం ఇలాగే నడుస్తోంది. ఒకటి కొడితే ఊ, రెండు కొడితే ఊహూ," అంది భార్య.

ఇస్త్రీ ఆవిడ కూర్చుంది. తల వంచుకుని మొదలుపెట్టింది.

"ప్రెస్సు సిరా సబ్బుకి లొంగదు వదినా. చొక్కా చేతుల కఫ్‌ల మీద ఎప్పుడూ మరక ఉండాల్సిందే. అది ఆగిపోయింది. ఉద్యోగం లేదని అలా తెలిసింది."

టక్.

"అడిగితే ఏమవుతుంది? మర్నాటి నుంచి గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. వెళ్లడానికి చోటు లేకపోయినా చొక్కా అయినా ఉందిగా అనుకున్నా."

టక్. చేతిలో బద్ద ఒక్కో కన్నం దాటుతోంది.

"ఒకరోజు కఫ్ మీద సిరా కనబడింది. పని దొరికిందని పొంగిపోయా. బకెట్లో ముంచాను. ఒక్క ముంచుకే పోయింది. పెన్ను సిరా వదినా అది. తనే పూసుకున్నాడు."

చప్పుడు రాలేదు. ఆమె తలెత్తింది. "ఇదీ నిజమే అన్నయ్యా."

బద్ద కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, మెల్లిగా కొట్టాడు.

"ఆ తర్వాత ఆయన రోజూ పూసుకొచ్చేవాడు. నేను రోజూ ఉతికేదాన్ని. పార్కు బెంచీ మీదే పోయాడు. ఆస్పత్రిలో చొక్కా చేతికిచ్చారు. కఫ్‌కి సిరా ఉంది. దాన్ని మాత్రం ఉతకలేదు."

ఆయన బద్ద మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"సాయంత్రం హాలుకి రా. మళ్లీ చెబుదువుగాని," అంది భార్య.

"రాను వదినా. ఆ రోజు నవ్వినవాళ్లే కదా వినేది. ఇంక చెప్పను."

ఆయన రెండుసార్లు కొట్టాడు. ఆమె చూసింది. చూసి, దుకాణం తెరిచి వచ్చానంటూ లేచి వెళ్లింది.

ఆయన అంచు బద్ద చుట్టి, మిగిలిన కొసలు కోసి, అల్లిక మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు. ఎక్కడా కుంగలేదు. భార్య లోపల ఉండగా హాలు చూసుకునే కుర్రాడు కుర్చీ కోసం వచ్చాడు.

"వస్తున్నావా మామా ఇవాళ? నువ్వు ఊ కొట్టకపోతే ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు."

ఆయన వాడి వైపు చూస్తూ చట్రం మీద ఒకసారి కొట్టాడు.

"గట్టిదేలే మామా, నీ పని కొట్టి చూపించాలా?" అని కుర్చీ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు వాడు.