కడగని మూల

మా జ్ఞానాంబ శాంతమూర్తి అని మీతో ఎవరైనా అని ఉంటే, వాళ్ళకు ఆమె సగమే తెలుసు. తక్కిన సగం నాకు తెలుసు. పుత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో ఆమె సైన్సు టీచరు, నేను తెలుగు టీచరు కల్యాణవల్లిని. స్టాఫ్‌రూములో ఏళ్ళ తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె పగబడితే ఎట్లా ఉంటుందో దగ్గరుండి చూశాను. చూడటమేం ఖర్మ, నా వంతు చెయ్యి కూడా వేశాను.

1979లో ఆమె కార్వేటినగరం నుంచి బదిలీ మీద వచ్చింది. వచ్చిన వారానికే తొమ్మిదో తరగతికి కప్పను కోసి చూపించే పాఠం పడింది. కప్ప ఒకటి, పిల్లలు యాభైమంది. ముందున్నవాళ్ళు కప్పను చూశారు, వెనకున్నవాళ్ళు ముందువాళ్ళ జడలు చూశారు.

"కప్ప గుండెకాయ గోడంత కనపడల్లక్కా. కడా బెంచీ పిల్ల గూడా సూడల్ల," అంది ఆ సాయంత్రం.

"కప్పను గోడకు అంటిస్తావా ఏంది?" అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పుత్తూరంటే ఎముకల కట్టు. ఎక్కడెక్కడివాళ్ళో కాళ్ళూ చేతులూ విరిగి, ఎక్స్‌రేలు చంకన పెట్టుకుని వస్తారు. కట్టు కట్టించుకుని, ఎక్స్‌రేను అక్కడే పారేసి పోతారు. జ్ఞానాంబ వాటిని సంచుల్లో ఏరుకొచ్చేది. బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళలో నానబెట్టి కొబ్బరిపీచుతో రుద్దితే, నలుపంతా ఊడిపోయి లేతనీలం రేకు మిగిలేది. దానిమీద రంగు సిరాలతో కప్పను, గుండెను, మందారపువ్వును గీసేది. కిరసనాయిలు డబ్బా ఒకటి కత్తిరించి, లోపల రెండొందల వాట్ల బల్బు పెట్టి, ముందు భూతద్దం బిగించింది. పదకొండు నెలల చాకిరీ అది. కిటికీలకు గోనెపట్టాలు కట్టి స్విచ్చి వేసిన రోజు, కప్ప గుండె తలుపంత పెద్దదై గోడమీద నిలబడింది. కడపటి బెంచీలోంచి "అమ్మోవ్!" అని కేక లేచింది. ఆ కేకకు జ్ఞానాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ డబ్బా ఆమెకు ప్రాణం.

దాంట్లో ఒక కిటుకుంది. రేకును తలకిందులుగా దూర్చాలి, అప్పుడే గోడమీద బొమ్మ నిలువుగా వస్తుంది. బల్బు వేడికి ముడుచుకోకుండా నిమిషంలో తీసేయాలి. మా పిల్లలందరికీ ఇది తెలుసు. హెడ్మాస్టరు దేవరాజులుకు తెలియదు. ఆయన వచ్చినప్పుడల్లా గోడవైపు చూసి తలాడించి వెళ్ళేవాడు, డబ్బా వైపు ఎన్నడూ తిరిగింది లేదు.

1981లో చిత్తూరులో జిల్లా సైన్సు ప్రదర్శన జరిగింది. నేనూ తోడు వెళ్ళాను. మేము చేరేసరికే డబ్బాకు అట్టముక్క కట్టి ఉంది: రూపకర్త, దేవరాజులు, ప్రధానోపాధ్యాయులు.

"సార్, ఇది నేను చేసింది గదా?" అంది జ్ఞానాంబ.

"స్కూలు కరెంటు, స్కూలు గోడ, స్కూలు పిల్లోళ్ళు. ఇందులో నువ్వు చేసింది యాడుండాదమ్మా? నువ్వు రేకులందించు, సాలు. మాట్లాడేది నేను మాట్లాడతా."

పొద్దుగూకులూ ఆమె బల్ల వెనక వంగి రేకులు మార్చింది. ఆయన ముందు నిలబడి దండలు వేయించుకున్నాడు. మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో ఫొటో పడింది. ఫొటోలో ఆయన ఉన్నాడు, డబ్బా ఉంది, అంచున ఒక మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యి జ్ఞానాంబది. సిగ్గులేని మనిషి, దానికి చట్రం కట్టించి తన కుర్చీ పైన తగిలించుకున్నాడు. హాజరు పట్టీలో సంతకం పెట్టిన ప్రతి పొద్దూ ఆమె తన మోచేతిని తాను చూసుకోవాలి.

"పైవాళ్ళకు అర్జీ పెట్టవే," అన్నాను.

"అర్జీ యాడనో బీరువాలో పడుంటుందక్కా. ఆయప్ప నా పేరు తీసింది నలుగురిలో. నలుగురిలోనే తిరిగి ఇయ్యల్ల," అంది. గొంతు పెంచకుండా అంది. అప్పుడే నాకు భయం వేసింది.

ఆ మరుసటి సంవత్సరం ఉత్తమ ఉపాధ్యాయుణ్ణి ఎంచే కమిటీ మా స్కూలుకు వస్తుందని కబురొచ్చింది. దేవరాజులు వాళ్ళ ముందు డబ్బాతో పాఠం చెప్పాలి. "ఏమ్మా, మామూలుగా రేకులందించు," అన్నాడు. "అట్లే సార్," అంది జ్ఞానాంబ.

కమిటీ వచ్చే ముందురోజు బడి వదలగానే మా ఇంటికి వచ్చింది. చేతిలో వెదురుబద్దలు, గుడ్డపీలికలు. "అక్కా, రెండు కోడిగుడ్లు కావల్ల. నా కుడిచేతికి కట్టు కట్టు."

మాది తిరుపతి గుడిలో కైంకర్యం చేసే వంశం. నాలుగు తరాలుగా మా ఇంట్లో కోడిగుడ్డు అడుగుపెట్టలేదు. కానీ పుత్తూరు కట్టును గుడ్డుసొనతో తడిపి కడతారు, ఈ ఊళ్ళో ఎవడికైనా నిజమైన కట్టేదో వాసనతో తెలుస్తుంది. గుడ్డుసొన లేకపోతే దేవరాజులు పసిగడతాడు. జ్ఞానాంబను నోటికొచ్చినట్టు తిట్టి, అంగడికి నేనే పోయి తెచ్చి, ముక్కు మూసుకుని పగలగొట్టాను. పెరుమాళ్ళకు నేను చెప్పుకోవాల్సింది నేను చెప్పుకుంటాను. దేవరాజులు చెప్పుకోవాల్సింది దేవరాజులు చెప్పుకోవాలి.

తెల్లారి కట్టు చూసి ఆయన అదిరిపడ్డాడు.

"బావికాడ జారి పడినాను సార్. మూడు వారాలు కదిలించగూడదంట," అంది జ్ఞానాంబ. ఆయన దగ్గరికొచ్చి వాసన చూశాడు. నమ్మాడు. పిల్లనెవరినైనా సాయం పెట్టుకుంటానన్నాడు గాని, కమిటీ పెద్ద ముకుందంగారు ఒప్పుకోలేదు. "మీ డబ్బా, మీ పాఠం. మీరే చేసి చూపించండి," అన్నారు.

స్విచ్చి పడింది. గోడమీద కప్ప తలకిందులుగా వేలాడింది. ఆయన రేకు తీసి వెనకా ముందూ తిప్పి పెట్టాడు. కప్ప మొహం అటు తిరిగింది గాని తల కిందనే ఉంది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఇంతలో రేకు ముడుచుకుని కంపు లేచింది. ఆయన చొక్కా వీపున తడిసిపోయింది. గొంతు తగ్గించి, "ఏమ్మా, ఎట్ల పెట్టల్ల, సెప్పు?" అన్నాడు.

జ్ఞానాంబ గదంతా వినబడేట్టు అంది: "మీరు చేసిన డబ్బా గదా సార్, నన్నడుగుతారేంది? నేను రేకులందించేదాన్నే."

"ఇది ఎవరికి తెలుసు?" అన్నారు ముకుందంగారు.

యాభైమంది ఒక్కసారే అరిచారు. "మా జ్ఞానాంబ టీచరుకు సార్!"

ఆమె లేచింది. కట్టు ముడి విప్పింది. ఒక్కో చుట్టూ తీరిగ్గా విప్పింది. బద్దలు నేలమీద పడ్డాయి. చెయ్యి చాచి, వేళ్ళు ముడిచి తెరిచి చూపింది.

"మీరు రేకులందించండి సార్, సాలు. మాట్లాడేది నేను మాట్లాడతా."

అందించాడు. నలభై నిమిషాలు వంగి, వేళ్ళు కాల్చుకుంటూ అందించాడు. నా జన్మలో అంత హాయిగా ఏ పాఠమూ వినలేదు.

అవార్డు ఆయనకు రాలేదు. దొంగకట్టు కట్టుకుందని ఆమెకూ ఇవ్వలేదు. పోతే పోనీ, అంది. ముకుందంగారు నిలబడి ఆ అట్టముక్క పీకించారు, ఆమెకు అదే కావాలి. పగ తీరిందనుకున్నాను. నాదంతా తెలివితక్కువతనం.

1985లో, రిటైరైన దేవరాజులు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని పుత్తూరు వచ్చాడు. కట్టు కట్టించుకుని, అందరిలాగే ఎక్స్‌రే వదిలేసి పోయాడు. వారం తిరక్కుండా అది జ్ఞానాంబ సంచిలో ఉంది. మూలన తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరు.

"ఇంక వదిలెయ్యవే తల్లీ," అన్నాను.

ఆమె ఆ మూలను వేళ్ళతో పట్టుకుని, అక్కడికి తడి తగలకుండా తక్కినదంతా నీళ్ళలో ముంచింది. ఆయన ఎముక కరిగిపోయింది, పేరు మిగిలింది. ఆరాక దానిమీద కప్పను గీసింది.

ఆ తర్వాత ఏటేటా తొమ్మిదో తరగతి గోడమీద ఆ కప్ప లేచేది, దాని కాళ్ళకింద ఆ పేరు వెలిగేది. ఏటా ఎవరో ఒక పిల్ల అడిగేది: "ఎవరు టీచర్ ఆయప్ప?"

జ్ఞానాంబ రేకు సర్దుతూ చెప్పేది: "ముందు మన స్కూల్లో రేకులందించే ఆయన."