ఏడీహెచ్‌డీలో ఫస్ట్ క్లాస్

నా పరువు నారాయణఖేడ్‌లో మైకు ముందు పోయింది. పరువు పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. కానీ వాళ్ళలో చాలామందిది చాటుగా, నలుగురి మధ్యే పోయుంటుంది. నాది లౌడ్‌స్పీకర్లలోంచి బస్టాండు దాకా వినిపిస్తూ పోయింది. చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. నేను దూరవిద్యలో ఎమ్మే పాసై, ఊళ్ళో యువజన సంఘానికి కార్యదర్శిగా వెలిగిపోతున్నాను. వెలిగిపోతున్నానన్న సంగతి నాకొక్కడికే తెలుసు. జనం చూపంతా ఫారూఖ్ మీదే ఉండేది.

ఫారూఖ్, నేను ఒకే బెంచీలో చదువుకున్నాం. వాడి కాలు ఒకచోట నిలిచేది కాదు. సారు పాఠం చెబుతుంటే మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేవాడు. రోజూ దెబ్బలు తినేవాడు, చివరికి పదో తరగతి తప్పాడు కూడా. అయినా వాణ్ణి చూస్తే నాకు కుళ్ళే. ఎందుకంటారా? సార్లు వాణ్ణి పేరు పెట్టి కొట్టేవారు! చేతులు కట్టుకుని బొమ్మలా కూర్చున్న నా పేరు మాత్రం లెక్కల సారుకు ఏనాడూ నోటికి రాలేదు. "ఏయ్, ఫారూఖ్ పక్కన కూసున్నోడా" అని పిలిచేవారు. పెద్దయ్యాకా అంతే. క్రికెట్ పోటీ అయినా, ఎవరింట్లో పెళ్ళయినా, "ఫారూఖ్ ఏడున్నడు?" అనేవారు. వాళ్ళ ఎదురుగానే ఇస్త్రీ చొక్కాలో నేను నిలబడి ఉండేవాణ్ణి.

ఒకరోజు ఖాజాభాయ్ హోటల్లో చాయ్ తాగుతుంటే ఆయన నా గుండెలో బాంబు పేల్చాడు.

"నర్సింలూ, ఎరుకేనా? మన ఫారూఖ్‌కు హైదరాబాద్‌ల ఏడీహెచ్‌డీ అని చెప్పిన్రట. కాయితం గూడ ఇచ్చిన్రట."

"ఏ... ఏడీహెచ్‌డీనా? ఎవరిచ్చిన్రు?"

"ఎవరో పెద్ద డాక్టరమ్మ. ఏమేమో పరీక్షలు పెట్టిందట. పాస్ ఫెయిల్ నాకు తెల్వదు గని, వాళ్ళ అమ్మీ అయితే ఇంటికొచ్చి ఒకటే ఏడుపు."

ఆనందబాష్పాలు! ఇంకేముంటాయి? పాఠకులారా, నా బుర్ర ఎంత చురుకుగా పనిచేసిందో గమనించండి. పీహెచ్‌డీ చేసినవాళ్ళను డాక్టర్ అంటారు. పరీక్షలు పెట్టారు, కాగితమిచ్చారు. పది తప్పినవాడికి పెద్ద చదువేమిటని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. కానీ ఓపెన్ చదువులకు పది అక్కర్లేదు కదా! పైగా పీహెచ్‌డీకి మూడక్షరాలు, వీడిదానికి నాలుగు. ఆ నాలుగో అక్షరం నా గొంతులో చేపముల్లులా దిగబడింది. చాయ్ సగంలో వదిలేసి ఇంటికొచ్చాను. ఫారూఖ్ ఆ విషయం నాతో అనకపోవడం గర్వమనుకున్నాను.

ఇంతలో ప్రభుత్వం కొత్త యువజన విధానం రాస్తోందని, యువత మాట వినడానికి హైదరాబాదు నుంచి ఒక మేడం వస్తున్నారని కబురొచ్చింది. మా ఊరి నుంచి ఒకరిని ఎంపిక చేసి రాజధానిలో పెద్ద సభకు పంపుతారట. ఆ ఒకరు నేనే కావాలని ఉపన్యాసం బట్టీ పట్టాను. ఫంక్షన్ హాల్లో కుర్చీలు నిండాలని పొదుపు సంఘాల ఆడవాళ్ళను కూడా పిలిచారు. వాళ్ళలో మా అమ్మ కూడా ఉంది.

మేడం యువత చదువుల గురించి, మానసిక ఆరోగ్యం గురించి చాలాసేపు మాట్లాడారు. ఏడీహెచ్‌డీ అంటే ఏమిటో అరటిపండు ఒలిచినట్టు చెప్పారట. మనసు ఒకదాని మీద నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, అది పొగరూ కాదు, బద్ధకమూ కాదు, మెదడు తీరే అలా ఉండటమని. హాలంతా విన్నది. నేను వినలేదు. నా ఉపన్యాసం లోపల అప్పజెప్పుకుంటున్నాను. చివరి మాటలు మాత్రం చెవిన పడ్డాయి.

"మీలో ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే సిగ్గుపడకుండా ముందుకు రండి. పాలసీలో మీ గురించి రాయాలంటే మీ మాటే ముందు వినాలి."

తలలన్నీ ఫారూఖ్ కుర్చీ వైపు తిరిగాయి. కుర్చీ ఖాళీ. ఎప్పటిలాగే బయటికి వెళ్ళాడు. ఇంతకంటే మంచి అదను దొరుకుతుందా? నా ఎమ్మేనే ఏడీహెచ్‌డీ అని చెప్పేస్తే పోలా! ఒక్క ఉదుటున స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాను.

"నాకున్నది మేడం!"

మేడం ముఖం వెలిగిపోయింది. "శభాష్ బాబూ. ఇలా చెప్పడానికి ఎంతో ధైర్యం కావాలి. నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న ఎండకాలంల మేడం. పేపర్‌ల ఏసిన్రు."

"పేపర్లో వేశారా? ఎంత అన్యాయం!"

"నా నంబర్ ఒక్కటే ఏసిన్రు మేడం, పేరు ఎయ్యలే. అదే నాకు బాధయింది."

ఆమె జాలిగా నా భుజం తట్టారు. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదు మేడం. మా ఖాన్‌దాన్‌ల నేనే ఫస్ట్. మా తమ్మునికి గూడ ఎట్లన్న జేసి ఇప్పియ్యాలని మా నాయిన కోషిష్ చేస్తుండు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేడం కళ్ళద్దాలు సరిచేసుకున్నారు.

"బాబూ, దీనితో నీకేం కష్టంగా లేదా?"

"కష్టమేముంది మేడం! ఆదివారం ఆదివారం క్లాసులు. ఫస్ట్ క్లాస్‌ల కొట్టిన."

"అసలు ఏడీహెచ్‌డీ అంటే ఏమిటనుకుంటున్నావు?"

"పీహెచ్‌డీ కన్నా ఒక మెట్టు పైది మేడం!"

హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వుల మధ్య ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క ఏడుపు లేచింది. మా అమ్మ.

"ఓ నర్సింలూ! సప్పుడు జేయక సదువుకుంటుంటివి గదరా! నీకిదెప్పుడొచ్చె కొడుకా!"

అప్పుడే ఫారూఖ్ లోపలికొచ్చాడు. నా మొదటి మాటను బయట లౌడ్‌స్పీకర్లో విని పరిగెత్తుకొచ్చాడట. మెట్లు కూడా ఎక్కకుండా స్టేజీ మీదికి దూకి నన్ను వాటేసుకున్నాడు.

"అరే, నీకు గూడనా? మరి చెప్పకపోతివేందిరా! నాకొక్కనికే ఉన్నదనుకొని గిన్ని దినాలు ఎవ్వరికి చెప్పలే భాయ్!"

పక్కనున్నవాళ్ళు సంగతి చెప్పారు. వాడు నన్నొకసారి చూసి, నవ్వకుండా మైకు తీసుకున్నాడు.

"మేడం, వీన్నేమనకున్రి. నేను గూడ ముందుగాల అట్లనే పరేషానైన. పాలసీల మీరేం రాస్తరో నాకు తెల్వదు. బడిల సార్లకు గిది తెలిసేటట్టు రాయున్రి. పోరడు లేస్తే కొట్టుడు గాదు, ఏదన్న పని చెప్పాలె. కాయితం వచ్చిన దినం మా అమ్మీ 'ఇన్నేండ్లు నిన్ను ఉత్తగ కొట్టిన గదరా' అని ఏడ్చింది. ఎవ్వరి అమ్మీ అట్ల ఏడ్వద్దు."

 అంతవరకూ నవ్విన హాల్లో చప్పట్లు మోగాయి. హైదరాబాదుకు ఎవరు ఎంపికయ్యారో వేరే చెప్పాలా? అంత అవమానంలోనూ నా కడుపుమంట చల్లారలేదు సుమండీ. నేను బట్టీ పట్టిన ఉపన్యాసం మొత్తంలో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

మర్నాటి నుంచి పరామర్శలు. కంగ్టి నుంచి మేనత్త సంచెడు పండ్లతో దిగి, నా నుదురు తాకి చూసి, "జొరమైతే లేదు" అంది. అమ్మ నన్ను బోరంచ తీసుకుపోయి నల్లపోచమ్మకు మొక్కించింది. ఊరు నన్ను 'డాక్టర్ సాబ్' అని పిలవసాగింది. ఎట్టకేలకు ఊరి నోట నాకో పిలుపంటూ వచ్చింది!

ఫారూఖ్ మాత్రం ఇంటికొచ్చి, "నువ్వు గూడ హైదరాబాద్ నడు. నువ్వు మంచిగ కుదురుగ కూసుంటవ్. నేను మాట మర్చిపోతే యాదికి తేవాలె" అన్నాడు. వెళ్ళాను. పెద్ద హాలు, పెద్ద అధికారులు. వాడు మాట్లాడుతూ దారి తప్పినప్పుడల్లా వెనక నుంచి మెల్లగా అందించాను. అంతా అయ్యాక ఒక పెద్దాయన నా వైపు తిరిగారు. నా ఛాతీ దానంతటదే పొంగింది.

"మరి ఈ బాబు సంగతేమిటి?"

నేను నోరు తెరిచేలోపే ఫారూఖ్ నా భుజం మీద చెయ్యేసి, ఎంతో ప్రేమగా పరిచయం చేశాడు.

"మా నర్సింలు, సార్. వీనికి ఏం లేదు."

అందుకే, చదువరుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరికి ఏది వచ్చిందని విన్నా, ముందు అదేమిటో పూర్తిగా కనుక్కుంటాను. ఆ తరవాతే కుళ్ళుకుంటాను.