మంచులోకి దించిన సీసా

జనగామలోని మా పశువైద్య ప్రయోగశాలలో, పిల్లి పేగుల్లో పీచు ఎలా పులుస్తుందో పరీక్షించేవాళ్లం. పీచులో పిల్లి మలం కలిపి సీసాల్లో వెచ్చగా ఉంచితే, సూక్ష్మజీవులు బుడగలు లేపేవి. భూపాలపల్లి నుంచి వచ్చిన మా సహాయకురాలు ప్రతి సీసానూ పసిపిల్ల నుదురులా తాకి చూసేది.

"సీసాకు జ్వరమా?" అనేవాణ్ణి.

"లేదు సార్, పానం మంచిగున్నది."

ఒకనాటి ఉదయం ఆమె పెంచుకున్న ముసలి పిల్లి చనిపోయింది. అంతకుముందే దాని మలం కలిపిన సీసా ఇంకా పులుస్తూనే ఉంది. నిర్ణీత వేళకు సీసాలన్నింటినీ మంచులో ముంచి ఆ పులియడాన్ని ఆపాలి. ఆమె ఆ ఒక్కదాన్ని గుండెకు హత్తుకుంది.

"గిదొక్కటి జరసేపు ఉండనియ్యుండ్రి సార్. గిండ్ల అదింక బతికే ఉన్నది."

"వేళ తప్పితే పరీక్ష చెడిపోతుందమ్మా."

"ఎరికే సార్."

తానే దాన్ని మంచులోకి దించింది. బుడగలు ఆగేదాకా రెండు చేతులూ తీయలేదు.