సీలు వేసిన చిన్న తలుపు

నూలుమిల్లు సామాన్ల గదిలో ముప్పై నాలుగేళ్ళు కాపలా ఉన్న మనిషికి, ఆ గది విడిచి వచ్చిన తరువాత కూడా లోకమంతా అలమారాల వరుసలాగానే కనపడుతుంది. సీలుగారి సంగతి అచ్చంగా అదే. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయన కాపురముంటున్న మేడలో ఎవరికీ తెలియదు. రెండు తలుపులు కలిసే సందు ఎక్కడ కనిపించినా సరే, దానిమీద కాగితపు పట్టీ అంటించి, సంతకం సగం ఈ తలుపు మీద, సగం ఆ తలుపు మీద పడేటట్టు చేయడం ఆయన అలవాటు. అందుకోసం చొక్కా జేబులో ఎప్పుడూ కత్తిరించిన పట్టీలు అరడజను సిద్ధంగా ఉండేవి.

ఆ అలవాటు ఊరికే పట్టుబడలేదు. కొలువులో చేరిన రెండో ఏడు గదిలోనుంచి పెట్టెడు బేరింగులు మాయమయ్యాయి. తాళంచెవి ఆయన మొలలోనే ఉన్నది గనుక దొంగ కూడా ఆయనే అన్నారు. నాలుగు నెలల తరువాత ఆ పెట్టె అలమారాకూ గోడకూ నడుమ ఇరుక్కుని దొరికింది. దొంగ అన్నప్పుడు మిల్లు మిల్లంతా అన్నది. దొరికిందని చెప్పడానికి మాత్రం ఒక్కడూ పక్క గదిదాకా నడవలేదు. నాటినుంచీ ఆయన తన నీడ తనకంటే ముందు నడిస్తే, ఎక్కడికి పోతున్నదా అని ఆగి చూసే మనిషి అయ్యారు.

కొడుకు సరుకుల లారీతో వారానికి అయిదు రోజులు రోడ్డుమీదే ఉంటాడు. కోడలు ఆసుపత్రిలో నర్సు. రోజుకొక జత తెల్లబట్టలు కావాలి. ఆమె చేతులు నీళ్ళలో నాని పగుళ్ళు వేస్తున్నాయని బట్టలుతికే మిషను కొన్నారు. కూలీలు దాన్ని హాల్లో పక్కకు పడుకోబెట్టి కట్లు విప్పుతుండగా, సీలుగారు నేలమీద బోర్లా పడుకుని, అడుగున కనబడిన ప్రతి భాగానికీ ఎర్ర పెయింటుతో చుక్క పెట్టారు.

మిషను పోషణలో ఆయనను వేలెత్తి చూపడానికి లేదు. ఉతుకు అయిన ప్రతిసారీ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలలోని తడిని పొడిగుడ్డతో అద్దేవారు. సబ్బుపొడి సొరుగును కడిగి ఆరబెట్టేవారు. లోపల చెమ్మ నిలవకుండా తలుపును నాలుగు వేళ్ళ సందున తెరిచి ఉంచేవారు. నెలకొకసారి బట్టలు వేయకుండా వట్టి వేడినీళ్ళతో తిప్పి, తేదీ నోటుపుస్తకంలో రాసుకునేవారు.

చేయనిది ఒక్కటే పని. మిషను వచ్చిన కొత్తలో ఒకసారి నీళ్ళు పోయే పైపు వదులైతే, పక్క వీధిలోని మెకానిక్ వచ్చి బిగించాడు. పనిలో పనిగా మిషను కింద మూలనున్న అరచేతంత తలుపు తీసి, ఏదో మర తిప్పి, లోపలికి చూసి మూశాడు. సీలుగారు ఆ మూలకేసి వంగి చూశారు. ఇంత చిన్న తలుపులోనుంచి మిషను పేగులదాకా దారి ఉన్నదా! మెకానిక్ మెట్లు దిగుతుండగా అతని సంచి వచ్చినప్పటికంటే బరువుగా ఊగినట్టు తోచింది. అతడు వీధి మలుపు తిరగకముందే ఆ చిన్న తలుపుకు పట్టీ పడింది.

"మామయ్యా, ఆ కింది తలుపు తీసి నెలకోసారి ఫిల్టరు కడగాలట. పుస్తకంలో బొమ్మేసి మరీ చెప్పాడు," అన్నది కోడలు ఒకనాడు.

"పుస్తకం రాసినవాడు ఈ మెకానిక్‌కి ఏ మేనబావో అయ్యుంటాడమ్మా. తలుపు తీస్తే సీలు పోతుంది."

"సీలుంటే మిషన్ పోతుంది."

"పోనీ! పోతే ఎవడి పనో తేలుతుంది."

పట్టీ పడి ఎనిమిది నెలలు గడిచేసరికి మిషను పోనే పోయింది. బట్టలు నీళ్ళలో తేలుతుండగానే మూలుగుతూ ఆగిపోయేది. కోడలు తెల్లబట్టలను మళ్ళీ చేతితో పిండుకుని, సగం తడితోనే ఆసుపత్రికి వెళ్ళేది. సీలుగారికి ఇక అనుమానం కాదు, నిర్ధారణే. నీళ్ళు బయటికి తోడే కొత్త పంపును ఆ మెకానిక్ ఊడబెరికి పాతది తగిలించాడు! ఆ మాట కింది అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ చెవిన వేశారు. పై అంతస్తు గుమాస్తాకు చెప్పారు. మేడ సెక్రటరీకి సైతం చెప్పారు. చెప్పింది ముగ్గురికే. కానీ మాటకు కాళ్ళు ఎన్నో ఎవరు లెక్కపెట్టగలరు? పదిహేను రోజులలో ఆ వీధిలోని ఏ ఇల్లూ మెకానిక్‌ను గడప తొక్కనివ్వలేదు.

ఒక ఉదయం అతడు తానే వచ్చాడు. చేతిలో ఒక్క స్క్రూడ్రైవరు తప్ప సంచి లేదు.

"బాబాయిగారూ, పన్నెండేళ్ళుగా ఈ వీధిలో పని చేస్తున్నా. నిన్న మీ కింది ఆవిడ నన్ను చూసి చెప్పుల స్టాండు లోపలికి లాక్కుంది. నేను దొంగనో కాదో ఇవాళ మీ ఎదురుగానే తేల్చండి. లేకపోతే కొట్టు ఎత్తేసుకోవడమే."

"జేబులు చూపించు," అన్నారు సీలుగారు.

అతడు నాలుగు జేబులూ తిరగేసి చూపించాడు. ఒక దువ్వెన పడింది. సీలుగారు దువ్వెనను కూడా అటూ ఇటూ తిప్పి చూశారు.

"పంపుకి నా ఎర్రచుక్క ఉంది. అది కనబడాలి. కనబడకపోతే ఏమంటావు?"

"కనబడితే మీరేమంటారు?"

సీలుగారు టార్చిలైటు వేసి, వంగి, చిన్న తలుపు మీది పట్టీని పరీక్షించారు. సంతకం చెక్కు చెదరలేదు.

"సీలు పదిలం," అన్నారు తీర్పు చెప్పినట్టు.

"అంటే నేను వెళ్ళాక దీన్ని ఎవరూ తియ్యలేదా? ఎనిమిది నెలలు?" మెకానిక్ తల పట్టుకున్నాడు. "అమ్మా, ఒక పళ్ళెం, రెండు పాతగుడ్డలు పట్రండి!"

పట్టీ చిరిగింది. మర తిప్పగానే కంపు కొట్టే నల్లనీళ్ళు పళ్ళేనికి పళ్ళెం నిండాయి. తరువాత ఫిల్టరు వచ్చింది. దానికి ఒక తలపిన్ను, ఒక గుండీ, నూలుపీచు, అన్నిటినీ కలిపి పట్టుకున్న తెల్లని ముద్ద ఒకటి అంటుకుని ఉన్నాయి. మెకానిక్ ఆ ముద్దను వేళ్ళతో విప్పాడు. పొరలు పొరలుగా కాగితం. ఒకే కొలతకు కత్తిరించిన పట్టీలు.

సీలుగారి చెయ్యి అప్రయత్నంగా చొక్కా జేబు మీదికి పోయింది. ఉతుకుకు వేసేముందు అందరి జేబులూ వెతికేవారు ఆయన. తన జేబును తాను ఎన్నడూ అనుమానించలేదు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టేశారు మామయ్యా!" అన్నది కోడలు, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"పంపు... పంపు చూడాలి," అన్నారాయన. గొంతులో బింకం సడలింది గాని పట్టుదల పోలేదు. నీళ్ళన్నీ దిగాక మెకానిక్, కోడలు కలిసి మిషనును పక్కకు వాల్చారు. సీలుగారు మళ్ళీ నేలమీద బోర్లా పడుకుని టార్చి వేశారు. ఎర్రచుక్క ఉన్నది. గోటితో గీకి చూశారు. తన చుక్కే.

ఆయన లేచాక మెకానిక్ వంక చూడకుండా చెప్పులు వేసుకున్నారు. బేరింగుల పెట్టె దొరికిన నాడు పక్క గదిదాకా నడవని మనుషులందరూ కళ్ళ ముందు వరుసగా నిలబడ్డారు. ఆ వరుస చివర తానుండడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

కింది అంతస్తుకు వెళ్ళి, మెకానిక్ దొంగ కాదని చెప్పారు. ఆ మాట విని కుట్టే ఆవిడ, "మరి అప్పుడంత గట్టిగా చెప్పారేమిటి అన్నయ్యగారూ?" అన్నది. "గట్టిగా చెప్పడం నా తప్పే," అన్నారు. సెక్రటరీ తల ఊపాడు. గుమాస్తా మాత్రం తలుపు గొలుసు తీయకుండా, సందులోనుంచి ఒంటికన్నుతో చూశాడు.

"ఇవాళొచ్చి మంచివాడంటున్నారు! వాడు మీకేం ముట్టచెప్పాడండీ?"

ఆ గొంతు సీలుగారికి బాగా తెలిసినదే. అది తన గొంతే. కోపం రావలసింది, రాలేదు.

"మీ మిషన్ కూడా మూలుగుతోందని మీ ఆవిడ అన్నారు కదూ?"

"మూలిగితే?"

"అతన్ని పిలుచుకొస్తాను. పని అయ్యేదాకా నేను పక్కనే కూర్చుంటా. ఏదైనా పోతే నన్నడగండి."

కాసేపటికి గొలుసు ఊడింది. గుమాస్తా ఇంట్లో మెకానిక్ చిన్న తలుపు ముందు గొంతుకూర్చున్నాడు. పక్కనే పీటమీద సీలుగారు, ఒక చేత్తో పళ్ళెం, మరో చేత్తో టార్చి పట్టుకున్నారు. గుమాస్తా గుమ్మంలో నిలబడి మెకానిక్ చేతులను ఒకసారి, సీలుగారి జేబును ఒకసారి మార్చి మార్చి చూస్తున్నాడు.

"అలా చూస్తారేం, ఖాళీయే," అని సీలుగారు జేబు తిరగేసి చూపించి, టార్చిని ఇంకాస్త ముందుకు జరిపారు.