ఎడమ మూల హుసేనయ్య

ఉదయగిరి పక్క పల్లెల్లో చెడుగుడు ఆడేచోట ఈల ఉండేది కాదు. గీతలు మడమతో గీసేవాళ్లు. తీర్పు చెప్పడానికి ఒక పెద్దమనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు గానీ, కూతకొచ్చినవాడి మీద ఐదారుగురు పడ్డాక ఆయనకు దుమ్ము తప్ప ఏమీ కనిపించేది కాదు. అందుకని తీర్పు పట్టినవాడి చేతుల్లోనే ఉండేది. కింద పడ్డవాడి నోటికి దగ్గరగా చెవి పెట్టి వినాలి. కూత ఆగితే పట్టు వదలాలి. పట్టినవాడు వదిలాడంటే కూత తెగినట్టే.

హుసేనయ్య వదిలితే ఎదుటి జట్టువాళ్లు కూడా మారుమాట్లాడేవాళ్లు కాదు.

ఆయనది చెరువు కింద పల్లె. దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఎండాకాలం చెరువు అడుగంటితే బురదలో చేతులు పెట్టి కొరమేన్లు పట్టడం వాళ్ల ఇంట్లో అందరికీ వచ్చిన పని. 1971లో, ఇరవై మూడేళ్ల వయసప్పుడు, ఉదయగిరి జట్టును నడిపే లారీ ఓనరు ఖలీలుల్లా ఆ చేతుల్ని చూశాడు. తెచ్చి ఎడమ మూలన నిలబెట్టాడు. పన్నెండేళ్లు హుసేనయ్య ఆ మూలనే నిలబడ్డాడు.

మూలన నిలబడేవాడి పని ఒకటే. కూతకొచ్చినవాడు కాలు చాచి తాకబోతే ఆ చీలమండను రెండు చేతులతో అందుకోవాలి. అందకపోతే మడమ మూతి మీద తగులుతుంది. ముందు పళ్లు రెండు హుసేనయ్యకు అలాగే పోయాయి. దుత్తలూరు, కొండాపురం, సీతారామపురం, ఎక్కడ తిరనాళ్ల పందెం జరిగినా ఏదో ఒక జట్టు కబురు పెట్టేది. బస్సు చార్జీలు, రెండు పూటలా తిండి, ఆడిన రోజుకు రెండు రోజుల కూలి. వానలు పడితే మళ్లీ పొలం పనులు. గెలిచాక ఫొటో తీస్తే షీల్డు కూతకు పోయేవాళ్ల ఒళ్లో ఉండేది. హుసేనయ్య వెనక వరసలో ఉండేవాడు, చాలా ఫొటోల్లో సగం మొహమే.

ఒకసారి దుత్తలూరులో అందరూ కలిసి ఒకణ్ని నేలకు అదిమారు. చుట్టూ చేరిన జనం "తెగింది, తెగింది" అని గోల. సొంత జట్టువాళ్లు లేవబోయారు. హుసేనయ్య ఒక్కడే వదల్లేదు.

"తెగలా. లోపల అంటానే ఉండాడు" అన్నాడు.

వాడు హుసేనయ్యను ఈడ్చుకుంటూ పోయి గీత తాకాడు. ఉదయగిరి ఓడింది.

"నీ చెవి కోసి కాకులకెయ్యాల్రా" అని ఖలీలుల్లా అందరి ముందూ తిట్టాడు. తర్వాతి వారం మళ్లీ అతనే లారీ పంపించాడు.

1979 ఎండాకాలంలో ఖలీలుల్లా పల్లెకే వచ్చాడు. ఆత్మకూరులో పెద్ద టోర్నమెంటు. నూలు మిల్లు ఒకటి సొంత జట్టు కడుతోంది, వాళ్లకు ఎడమ మూలకు మనిషి కావాలి. ఆ మిల్లు ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే పర్మనెంటు ఉద్యోగం, క్వార్టర్సు.

"క్వార్టర్సులో కొళాయి ఉంటాదా అన్నా?" అని హుసేనయ్య భార్య గురవమ్మ అడిగింది. అప్పుడామె రోజూ మైలున్నర పోయి నీళ్లు తెస్తోంది.

"ఇంట్లోనే ఉంటాది చెల్లెమ్మా. తిప్పితే చాలు."

"ఈయన పోయి దాన్ని గూడా పట్టుకోని కూర్చుంటాడేమో" అని నవ్వింది. ఆ ఏడు ఆమె నవ్వడం అరుదు.

హుసేనయ్యకు ముప్పై ఒకటి. ఈసారి తప్పితే ఇంకే మిల్లూ పిలవదని ఇద్దరికీ తెలుసు.

ఆత్మకూరులో సున్నంతో గీతలు పోసి ఉన్నాయి. తెల్ల చొక్కా రెఫరీ, మెడలో ఈల. ఖలీలుల్లా చెవిలో చెప్పాడు: "అరే, ఇక్కడ నీ చెవి చెల్లదు. ఈల వినబడిందాకా వదలబాక."

"సరే."

ఆత్మకూరు జట్టులో పేరున్నవాడు పెంచలనరసయ్య. హుసేనయ్య అతణ్ని ఆరోజు మూడుసార్లు పట్టాడు, మూడుసార్లూ ఈల దాకా ఆగాడు. ఆఫీసరు పక్కవాడితో ఏదో అని తలాడించడం ఖలీలుల్లా చూశాడు. ఇంక రెండు నిమిషాలు. ఉదయగిరి మూడు పాయింట్లు ముందుంది.

పెంచలనరసయ్య మళ్లీ వచ్చాడు. కాలు చాచాడు. హుసేనయ్య అందుకున్నాడు. ఇంకో నలుగురు మీద పడ్డారు. గీతకు మూరెడు ఇవతల అతని మొహం హుసేనయ్య మొహానికి ఆనుకుని ఉంది. కబడ్డీ, కబడ్డీ, కబ... ఆగిపోయింది. ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు కూడా వినిపించింది.

చేతులు వాటంతటవే విడిపోయాయి.

ఈల మోగలేదు. రెఫరీ అటు చివరన ఉన్నాడు. హుసేనయ్య వదిలాడంటే అయిపోయినట్టేనని మిగతా నలుగురూ లేచారు. పెంచలనరసయ్య బోర్లా పడుకునే చెయ్యి చాచి సున్నం గీత మీద పెట్టాడు. అప్పుడు మోగింది ఈల. తాకిన ఐదుగురూ ఔట్, ఆట ఆత్మకూరుది.

ఆట ముగిశాక హుసేనయ్య అతని దగ్గరికి పోయాడు. "నరసయ్యా, కూత తెగిందా లేదా? నాకొక్కడికి చెప్పు."

అతను కాళ్లకంటిన సున్నం దులుపుకుంటూ, "ఈల ఎయ్యలేదు గదన్నా" అన్నాడు. తలెత్తలేదు.

మిల్లు ఆఫీసరు ఖలీలుల్లాతో ఒక్క మాటే చెప్పి జీపెక్కాడు: "పట్టు బాగుంది. ఆట తెలీదు."

ఆ కబురు విని గురవమ్మ లేచింది. బిందె తీసుకుని నీళ్లకు పోయింది.

ఆ తర్వాత నాలుగేళ్లలో పల్లె పందేలకూ ఈలలొచ్చాయి. హుసేనయ్య ఎవరి నోటి దగ్గరా చెవి పెట్టడం మానేశాడు. పట్టుకుని, మొహం నేలకు తిప్పుకుని, ఈల కోసం చూసేవాడు. అది నేర్చుకోవడానికి ఎంత కష్టపడ్డాడో కుర్రకారుకు తెలీదు. ముసలోడు జలగలా పట్టుకుంటాడని నవ్వుకునేవాళ్లు.

1983లో సీతారామపురంలో కామయ్య అనే చిన్న రైతు కూతకొచ్చాడు. పాతికేళ్లుంటాయి. హుసేనయ్య చీలమండ పట్టాడు. మిగతావాళ్లు కామయ్య నడుం మీద అడ్డంగా పడ్డారు. రెఫరీ జనాన్ని గీత వెనక్కి నెడుతున్నాడు.

"తెగింది, వదులన్నా" అన్నాడు కామయ్య.

మాట్లాడుతున్నాడంటే తెగినట్టే. హుసేనయ్య వదల్లేదు.

"అన్నా, కాలు... వదులన్నా!"

మీద పడ్డవాళ్లంతా కామయ్యతో సహా ఒక పక్కకు దొర్లారు. పాదం మాత్రం హుసేనయ్య చేతుల్లో ఎటున్నది అటే ఉంది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. తర్వాత ఈల మోగింది.

కట్టు కట్టించారు గానీ ఎముక వంకరగా అతుక్కుంది. హుసేనయ్య మళ్లీ బరిలోకి దిగలేదు. తొలకరి పడగానే ఎవరూ పిలవకుండానే సీతారామపురం పోయి కామయ్య ఎకరన్నర చేను దున్నడం మొదలుపెట్టాడు. ఎడ్లు కామయ్యవే. కామయ్య మంచంలోనే ఉన్నాడు. అతని భార్య వరదమ్మ రెండు రోజులు సంగటి తెచ్చి గట్టు మీద పెట్టి, పలకరించకుండా పోయింది. మూడోనాడు నిలబడింది.

"తెగిందని ఆయన చెప్పినాడంట. నీకు వినపళ్ళా?"

వినపడలేదని చెప్పొచ్చు. జనం గోలలో ఎవరికి వినపడుతుంది? అందరూ అదే అనుకుంటున్నారు కూడా.

"వినపడింది" అన్నాడు హుసేనయ్య.

ఆమె ఇంకేమైనా చెబుతాడేమోనని చూసింది. అతను మేడి పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"రేపటినించి రాబాక" అంది వరదమ్మ. "మాది మేం దున్నుకుంటాం."

హుసేనయ్య పట్టిన సాలు చివరిదాకా దున్నాడు. కాడి విప్పి, ఎడ్లకు నీళ్లు తాగించి, వాళ్ల కొట్టంలో కట్టేశాడు. మధ్యాహ్నం బస్సు పోయి చాలాసేపయింది. ఉదయగిరి దారి పట్టి నడిచాడు.