కొమ్ము లేని పేరు

కిందటి ఏడాది ఆగస్టు నెల, రెండో గురువారం, పగలు పదకొండున్నర గంటలు. గన్నవరంలో ఒకరింటి ముందుగదిలో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. చీకటి లేదు, వాన లేదు, కరెంటు కూడా పోలేదు. ఇలాంటివి చెప్పేవాళ్లంతా అర్ధరాత్రి జరిగిందంటారు. నాకు జరిగింది పట్టపగలు.

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. సమాధుల దొడ్డి పక్క చేలో ఏళ్ల తరబడి నాట్లు వేశాను, కలుపు తీశాను. ఆ గోడ నీడనే అన్నం తిని కునుకు తీసేదాన్ని. ఒక్కరూ లేచి రాలేదు. నాకు భయమల్లా బతికున్నవాళ్లతోనే.

నాకు అనుమానం ఎక్కువ. ఇంట్లో అందరూ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. తాళం వేశాక లాగి చూసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి లాగుతాను. బస్సెక్కాక కూడా కిందికి దిగి బోర్డు చదివి మళ్లీ ఎక్కుతాను. అరవై దాటేదాకా నాకు చదువు లేదు. కాగితంలో ఏముందో ఎవరో చెబితే విని వేలిముద్ర వేయడమే. చెప్పింది నిజమో కాదో చెప్పినవాడికే తెలియాలి. అలా బతికినదానికి అనుమానం రాక ఇంకేం వస్తుంది?

నాకు అక్షరాలు నేర్పింది నా కూతురి కూతురు షారోను. అప్పుడది టీచరు ట్రైనింగు చదువుతోంది. పలక ముందు పెడితే నాకు సిగ్గేసి లేచిపోయేదాన్ని. అది తెలివైంది. వంటింటి అలమారలోంచి స్టీలు సామాను దించి నా ముందు పరిచింది. మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం గదా, వాటితో మొదలుపెట్టింది. నేను మొట్టమొదట చదివిన మాట అన్నం తపేలా మీదున్న నా పేరే.

"నా పేరుకి కింద ఇన్ని వేలాడుతున్నాయేంటే?" అన్నాను.

"ఒత్తులు అమ్మమ్మా. మార్తమ్మ అంటే ఊరికే అయిపోతుందా? నీ నోటికి తగ్గట్టే ఉంది పేరు" అంది.

అప్పట్నుంచీ ఒక అలవాటు పట్టుకుంది. ఎవరింట్లో నీళ్లిచ్చినా గ్లాసు తిప్పి, పేరు చదివి, అప్పుడు తాగుతాను. గ్లాసు సరిగా తోమారో లేదో చూస్తున్నానని కొందరు ముఖం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

ఇక ఆ గురువారం సంగతి. షారోను గన్నవరంలో ఒక బడిలో చెబుతోంది. అప్పుడు దానికి ఏడో నెల. విజయవాడ నుంచి రోజూ బస్సులో వెళ్లొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దాని మొగుడికి సెలవు దొరకక, అద్దెకి ఇల్లు చూడటానికి నేను వెంట వెళ్లాను. మేడ మీద పోర్షను బాగుంది. గాలి వస్తోంది, బడి కనిపిస్తోంది. కింద ఉండే ఇంటావిడ రాజ్యలక్ష్మి గారు మమ్మల్ని కూర్చోబెట్టి ట్రేలో మంచినీళ్లు తెచ్చారు.

గ్లాసు తిప్పాను. అంచు కింద పేరుంది. ఇప్పటిలా మిషను మీద గీసినది కాదు. పూర్వం ఉలి పెట్టి చుక్కలు చుక్కలుగా కొట్టేవాళ్లే, అలాంటిది. బొటనవేలితో తడిమితే గరుకు తగిలింది. క, ర, ణ, మ్మ. కరణమ్మ. నీళ్లు తాగి గ్లాసు ట్రేలో పెట్టాను.

"మీరు కరణాల వాళ్లా అండీ?" అని అడిగాను.

"కాదండీ. మా ఆయన కరెంటాఫీసులో చేసేవారు. ఏం?"

"గ్లాసు మీద కరణమ్మ అని ఉంటేనూ."

"మా గ్లాసులకి పేర్లెక్కడివండీ? గృహప్రవేశానికి కొన్నవి. పేర్లే కొట్టించలేదు." అని నేను పెట్టిన గ్లాసే తీసి నా చేతికిచ్చింది. నున్నగా ఉంది. మిగతావీ చూశాను. అన్నీ నున్నగానే ఉన్నాయి.

అప్పుడు నాకు తట్టింది దెయ్యం కాదు, దొంగతనం. ఎవరిదో గ్లాసు వీళ్లింటికి చేరింది, నేను చదివేసరికి మార్చేసింది అనుకున్నాను. ఆవిడ కుర్చీలోంచి లేవలేదని నాకు తెలుసు. అయినా అనుమానం ఆగలేదు. అడక్కుండా లేచి వాళ్ల వంటింట్లోకి వెళ్లి గూట్లో ఉన్న గ్లాసులన్నీ దించి చూశాను.

"అమ్మమ్మా, బయటికి రా! పరువు తీస్తున్నావు" అని షారోను గుమ్మంలోంచి పళ్లు కొరుకుతోంది.

"చూడనీ అమ్మా, పెద్దావిడ" అంది ఇంటావిడ. "బీరువా తాళాలు కూడా ఇమ్మంటారా అండీ?"

వీధిలోకి వచ్చాక ఈ ఇల్లు వద్దన్నాను. గ్లాసు దగ్గర అబద్ధమాడే మనిషి నీళ్ల మోటారు దగ్గర ఆడదా అన్నాను.

"ఆవిడ అబద్ధం ఆడలేదు అమ్మమ్మా. నువ్వే తప్పు చదివావు. ఏవో గీతలు పడుంటాయి, అక్షరాలనుకున్నావు."

ఆ మాట ఇంకెవరన్నా అంటే నాలుగు తిట్టేదాన్ని. నేర్పినదే అంది. తిరుగు బస్సులో దాని పక్కన కూర్చోలేదు.

షారోను ఇంకో ఇల్లు చూసుకుంది. మధ్యాహ్నమంతా ఎండ కొట్టే ఇల్లు. "నీ కరణమ్మ పుణ్యమా అని ఉడికిపోతున్నాం" అని దెప్పేది. నేను కళ్లు చూపించుకున్నాను. శుక్లం ఆపరేషనైన కన్ను భేషుగ్గా ఉందన్నారు. అయినా నా మీద నాకే నమ్మకం పోయింది. గ్లాసులు తిప్పడం మానేశాను. బస్సు బోర్డు ఎదురుగా ఉన్నా, చదివితే తప్పేమోనని కండక్టర్ని అడిగేదాన్ని. అరవై ఏళ్లు ఎక్కడున్నానో తిరిగి అక్కడికే వచ్చాను. దెయ్యం పట్టినా నాకంత బాధ ఉండేది కాదు.

షారోనుకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పాపకి కాస్త నెలలు వచ్చాక ఉయ్యూరులో సరోజనమ్మక్కకి చూపించడానికి వెళ్లాం. ఆవిడ మా బావగారి రెండో భార్య. మొదటి భార్య మా సొంత అక్క, కరుణమ్మ.

అక్కకి పెళ్లప్పుడు మా నాన్న విజయవాడలో స్టీలు గ్లాసుల సెట్టు కొని పేరు కొట్టించాడు. అప్పట్లో మా బోటివాళ్లకి స్టీలంటే బంగారమే. అక్కకి ఒక పిచ్చి ఉండేది, తన గ్లాసులో తప్ప నీళ్లు తాగేది కాదు. పురిటికి మా ఇంటికి వస్తూ కూడా ఒక గ్లాసు వెంట తెచ్చుకుంది. ఆ పురిట్లోనే పోయింది. బిడ్డా దక్కలేదు. ఇందులో ఇంకెవరూ నీళ్లు తాగకూడదని మా నాన్న ఆ గ్లాసును బందరు కాలువలోకి విసిరేశాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. గట్టు మీద నాన్న పక్కనే ఉన్నాను. అది నీళ్లు నిండి మునిగిపోవడం నా కళ్లతో చూశాను.

సరోజనమ్మక్క పాపని ఎత్తుకుని ముద్దులాడి, మాకు నీళ్లు తెచ్చింది. "మీ అక్క గ్లాసులే చెల్లీ. నువ్వొస్తున్నావని పైనుంచి దించాను" అంది. నేను తిప్పలేదు. గటగటా తాగి కింద పెట్టాను.

తిప్పింది షారోను. చూసి నా చేతికిచ్చింది.

"చదువు అమ్మమ్మా."

"నాకు రాదుగా."

"చదువు, నీకు దండం పెడతాను."

చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. అంచు కింద. క, ర, ణ, మ్మ.

"కొమ్ము ఎగ్గొట్టాడు చెల్లీ, కొట్టినవాడు" అని సరోజనమ్మక్క నవ్వింది. "కరుణమ్మని కరణమ్మని చేసి పెట్టాడు. మా ఆయన చెప్పి నవ్వేవారు. మీ ఇంట్లో చదవడం ఎవరికీ రాదు గదా, మీ నాన్న నొచ్చుకుంటాడని చెప్పలేదంట."

మా అక్క కూడా తన పేరు తప్పుందని తెలియకుండానే పోయింది. ఉయ్యూరులో ఉండాల్సిన గ్లాసులన్నీ ఉన్నాయి. లేనిది కాలువలో పడిందొక్కటే.

నేను తప్పు చదవలేదు. దానికి సంతోషించాలో భయపడాలో ఇప్పటికీ తెలియదు. షారోను తిరుగు బస్సులో నా చెయ్యి వదల్లేదు. చిన్నప్పుడు చూసిన గీతలు నా కంట్లో ఉండిపోయి ఆ రోజు బయటపడ్డాయేమో అంది. ఉండొచ్చు. మరి నా వేలికి తగిలిన గరుకు? కాలువ బాగుచేసినప్పుడు గ్లాసు ఎవరికో దొరికి, చేతులు మారి గన్నవరం చేరిందేమో అని నేననుకున్నాను. మరి నా ముందే పేరెలా పోయింది?

ఆ ఇంటావిడ మీద నా అనుమానం పూర్తిగా పోలేదు. అందుకే ఒంటరిగా ఇంకోసారి వెళ్లాను. క్షమించమని అడిగాను, కళ్లు మాత్రం గూటి మీదే ఉంచాను. ఈసారి ఆవిడ నీళ్లు గాజుగ్లాసులో ఇచ్చింది. మేడ మీద కొత్తగా పెళ్లైనవాళ్లు దిగారు. చల్లగా ఉన్నారు. ఆ ఇంట్లో చెడేమీ లేదు. మరి మా అక్క షారోనుని అక్కడికి వద్దందా, కడుపుతో ఉన్న పిల్లని చూడ్డానికి వచ్చిందా, నాకు చదువొచ్చిందని విని తన పేరు చదివించుకుందా? నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

ఆ రోజు ఆ ముందుగదిలో ఉన్నవాళ్లు వీళ్లు. ఇంటావిడ రాజ్యలక్ష్మి గారు. నా మనవరాలు షారోను. దాని కడుపులో ఉన్న పాప. మార్తమ్మ అనే నేను. ఇంకొకరు ఉన్నారని చెప్పలేను, లేరనీ చెప్పలేను. పేరు మాత్రం తప్పు లేకుండా రాసిపెడుతున్నాను.

కరుణమ్మ. ర కి కొమ్ముంది.